గోడమీది లక్ష్మి

రవివర్మ పేరు తెలియని ఇల్లు తెలుగునాట ఎక్కడైనా ఉంటే ఉండవచ్చును గాని, రవివర్మ లక్ష్మిని చూడని ఇల్లు మాత్రం ఉండదు. నీళ్ళలో తామరపువ్వు, పువ్వుమీద నిలబడ్డ తల్లి, నాలుగు చేతులు, ఎర్రచీర, ప్రక్కన తొండంతో పూలదండ ఎత్తి పట్టుకొన్న ఏనుగు. పచారీ కొట్టులో గల్లాపెట్టె పైన ఆమే, కాలెండరుమీద ఆమే, పెండ్లి శుభలేఖమీదా ఆమే. లక్ష్మీదేవిని తలచుకొని కళ్ళు మూసుకొంటే మనలో చాలామందికి కనిపించే ముఖం అదే. ఆ ముఖం అనాదిగా ఉన్నదనుకొంటాము గాని, దాని వయస్సు నూట ముప్పయి ఏళ్ళే.

1848లో తిరువాన్కూరు రాజ్యంలోని కిలిమానూరులో పుట్టిన రవివర్మ 1896లో ఈ లక్ష్మిని తైలవర్ణాలలో చిత్రించాడు. ఆయన చిత్రాలు మహారాజుల సౌధాలకే పరిమితమై పోరాదనీ, వాటిని అచ్చువేయించి లోకానికి అందించమనీ దివాన్ మాధవరావుగారు ఏనాడో సలహా ఇచ్చారు. 1894లో బొంబాయిలో అచ్చుయంత్రం పెట్టి రవివర్మ ఆ పని చేశాడు. ఒక్కొక్క రంగుకు ఒక్కొక్క రాతిపలక. రంగుమీద రంగు అద్ది, చివర వార్నీషు పూస్తే, చూడడానికి తైలవర్ణ చిత్రంలాగే ఉండేది. మొదట అచ్చయినది శకుంతల జననం. ఆ తరువాత లక్ష్మీ, సరస్వతీ ఊరూరికీ బయలుదేరారు.

అలా బయలుదేరిన లక్ష్ములలో ఒకతె సోమలలోని మా యింటికి వచ్చింది. మా తాతగారు బెంగుళూరు వెళ్ళినప్పుడు కొని తెచ్చి, అద్దంతో పటం కట్టించి నడవాలో తగిలించారట. ఆయనది బెల్లం వ్యాపారం. బండ్లు కదిలేముందు ఒకసారి పటం కేసి చూచి మరీ బేరానికి వెళ్ళేవారు. లాభం వస్తే ఆమె దయ. నష్టం వస్తే మాత్రం తూకం వేసినవాడి తప్పు. మా అవ్వకు ఆ పటం పటం కాదు, సాక్షాత్తూ దేవత. శుక్రవారం దీపం పెట్టనిదే పచ్చి మంచినీళ్ళు ముట్టేది కాదు. పిల్లలమైన మాకు అందులో ఏనుగొక్కటే ముఖ్యం. అది దండ అమ్మవారికి వేయబోతున్నదా, ఆమె మెడలోది లాక్కోబోతున్నదా అని పందేలు వేసుకొనేవాళ్ళం.

మా కళ్ళంలో పని చేసే ముసలాయన ఒకడుండేవాడు. లోపలికి వచ్చే అలవాటు ఆ రోజుల్లో లేదు. వీధిలో నిలబడి, తలుపు తెరిచి ఉన్నప్పుడు ఆ పటం కనబడితే దండం పెట్టుకొనేవాడు. 1947లో మద్రాసు రాష్ట్రంలో ఆలయప్రవేశ చట్టం వచ్చింది. చట్టం వచ్చినంత తొందరగా గుడి తలుపులు రాలేదు. ఆయన పుంగనూరులో సుగుటూరు గంగమ్మ జాతరకు వెళ్ళి, అచ్చంగా అలాంటి లక్ష్మినే కొని తెచ్చుకొని తన గుడిసెలో పెట్టుకొన్నాడు. “నేను గుళ్ళోకి పోలేదమ్మా, ఆయమ్మే నా ఇంటికొచ్చింది” అని మా అవ్వతో చెప్పాడట. తాతగారికి లాభం చూపించిన పటమే ఆయనకు తెరిచిన తలుపయింది.

మా చిన్నాన్న 1930లలో మదనపల్లె దివ్యజ్ఞాన కళాశాలలో చదివాడు. ఆ కళాశాలకు ప్రిన్సిపాలుగా ఉన్న జేమ్స్ కజిన్సుగారు ఐర్లండు కవి, చిత్రకళ తెలిసినవారు, వంగదేశపు కొత్త చిత్రరీతిని మెచ్చి దేశమంతటా చాటినవారు. 1919లో రవీంద్రులు అక్కడ బస చేసి ‘జనగణమన’కు ఆంగ్లరూపం వ్రాసినదీ ఆ ఆవరణలోనే. ఆ గాలి పీల్చి వచ్చిన చిన్నాన్నకు మా నడవాలోని లక్ష్మి నచ్చలేదు.

“ఇది లక్ష్మి కాదమ్మా, ఎవరో మరాఠీ ఇల్లాలికి ఇంకో రెండు చేతులు అతికించినారు. అంతా దొరల పద్ధతి” అన్నాడట.

“మరాఠీ ఇల్లాలైతే ఏమిరా, ఇల్లాలు ఇల్లాలే గదా. ప్రక్కకు జరుగు, దీపం పెట్టుకోవల్ల” అన్నదట అవ్వ.

చిన్నాన్న మాట కొత్తది కాదు. రవివర్మ వేసిన మరొక చిత్రం సంగతి చూడండి. శకుంతల నేలమీద బోర్లా పడుకొని దుష్యంతునికి తామరాకుమీద జాబు వ్రాస్తుంటుంది. 1876లో మద్రాసు ప్రదర్శనంలో దానిని చూచి గవర్నరు బకింగ్‌హాం ప్రభువు ముచ్చటపడి కొనుక్కొన్నాడు. మోనియర్ విలియమ్స్ పండితుడు తన శాకుంతలానువాదానికి 1887లో దానినే ముఖచిత్రం చేసుకొన్నాడు. కాళిదాసు నాయిక అంటే ఇలా ఉండాలని ఆయనకు తోచింది. 1907లో సోదరి నివేదిత అదే చిత్రాన్ని చూచి, నలుగురి ఎదుటా నేలమీద పడుకొని ప్రేమలేఖ వ్రాసే యువతి మన దేశపు మర్యాదకు ప్రతిబింబమా అని మండిపడింది. ఆనంద కుమారస్వామి కూడా రవివర్మ చిత్రాలలో నాటకపు పోకడే గాని భారతీయత లేదన్నాడు. వంగవిభజన ఉద్యమం నడుస్తున్న రోజులవి. బొమ్మలో దేశాన్ని వెదికే కళ్ళకు దేశం కనిపించలేదు. గవర్నరు కళ్ళు దేశాన్ని వెదకనే లేదు. శకుంతల మాత్రం జాబు వ్రాస్తూనే ఉన్నది.

ఇంకొక విచిత్రం వినండి. భారతీయత లేదనిపించుకొన్న ఆ రవివర్మ చిత్రాలను 1979లో భారత ప్రభుత్వం జాతీయ కళాసంపదగా ప్రకటించి, దేశం దాటిపోరాదని కట్టడి చేసింది. ఈ మధ్య డెబ్భయి ఏళ్ళలో ఆ గుడ్డమీద ఎవరూ కొత్తగా రంగు వేయలేదు. చూచే తరం మారింది, అంతే.

ఇక మా మేనత్త సంగతి చెప్పాలి. పదహారో ఏట భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. ఇంట్లో వరలక్ష్మీ వ్రతం చేసుకొన్ననాడు వంటంతా ఆమెదే గాని, పూజదగ్గరకు పిలుపుండేది కాదు. పేరంటాండ్రు వచ్చేవేళకు పెరట్లోకి వెళ్ళిపోయేది. ఆ రోజుల్లో కొందరు స్త్రీలు రవివర్మ పటాలను విప్పి, బట్టమీద అంటించి, చీరకూ నగలకూ జరీ, చమ్కీలు, పూసలు కుట్టి మళ్ళీ పటం కట్టించేవారు. అత్త కూడా ఆ పనికి పూనుకొన్నది. జరీ ఎక్కడిదంటారు? తన పెండ్లిచీరది. ఇక తాను కట్టుకోరాని ఆ చీర అంచును పోగుపోగుగా విప్పి, లక్ష్మి చీర కుచ్చెళ్ళ వెంబడి, పైటకొంగు వెంబడి కుట్టింది. నెలల తరబడి కుట్టిందట. అవ్వ చూచి కూడా ఏమీ అనలేదు.

1986లో మా అన్నదమ్ములు వేరుపడ్డారు. పొలం, ఇల్లు, ఇత్తడి సామానూ సాఫీగానే పంచుకొన్నారు. పేచీ ఆ పటందగ్గర వచ్చింది. ఇంటి లక్ష్మి జ్యేష్ఠుడి వాటాకే రావాలన్నాడు పెద్దన్న. రెండో అన్నకు ఆ యేడు వేరుశనగ దెబ్బ తీసింది, మెడలోతు అప్పు. “ఇంట్లో కూర్చొని ఆమె చేసిందేమి? అమ్మితే నాలుగు డబ్బులన్నా ఇస్తుంది” అన్నాడు. పాత వస్తువులు కొనే ఆసామి ఒకాయన అప్పటికే వచ్చి కూర్చొని ఉన్నాడు. ఈ కుట్టుపని వల్ల పటం పాడయిందనీ, అయిదువందలకు మించి ఇవ్వలేననీ అంటూనే ఉన్నాడు. ఆయన చూపు మాత్రం ఆ కుట్టుమీదనుంచి కదలలేదు. ఆయనకు ఆ పటంలో ఏమి కనిపిస్తున్నదో మాకు బాగానే తెలిసింది.

మాటలు పెరిగాయి. అంతదాకా గుమ్మందగ్గర కూర్చొని వింటున్న అత్త లేచి వచ్చింది. అప్పటికి ఆమెకు డెబ్భయి దాటాయి.

“పటం మీరెవరన్నా తీసుకోండి నాయనా, అమ్ముకోండి. నా జరీ మాత్రం విప్పి నాకిచ్చెయ్యండి” అన్నది.

నడవాలో ఎవరూ మాట్లాడలేదు. యాభై ఏళ్ళు దాని క్రిందనే తిరిగినవాళ్ళం. అది ఆమె పెండ్లిచీర అని అందరికీ తెలుసు. తెలిసినదాన్ని చూడడం మాత్రం ఆ క్షణాననే జరిగింది. రెండో అన్న తానే కుర్చీ ఎక్కి పటం దింపి, అత్త గదిలో మంచానికి ఎదురుగా మేకు కొట్టి తగిలించాడు. ఆసామి చెప్పులు వేసుకొన్నాడు. అప్పు మరొక దారిన మెల్లగా తీరింది.

అత్త ఆ పటానికి ఒక్కనాడు పూజ చేయలేదు. మధ్యాహ్నం పడుకొని దానికేసి చూస్తూ, “కొంగు దగ్గర ఆ కుట్టు వంకర పోయిందే. ఆ పొద్దు దీపంలో నూనె తక్కువ” అనేది. 1994లో పోయేదాకా ఆమె అందులో చూచింది ఆ కుట్లనే. లక్ష్మి ఆమెకు సిరి ఇవ్వలేదు, వ్రతమూ ఇవ్వలేదు. చేతికి పని ఇచ్చింది. ఆ పని తనదని చెప్పుకొనే హక్కు మాత్రం ఆమె తానే అడిగి తీసుకొన్నది.

తరువాత ఒకసారి బరోడా వెళ్ళినప్పుడు, అక్కడి రాజభవనం ఆవరణలోని మ్యూజియంలో రవివర్మ స్వహస్తంతో వేసిన లక్ష్మిని చూచాను. ఎంత నేర్పు, ఎంత వెలుగు! నా ప్రక్కన ఒక ముసలావిడ చెప్పులు విడిచి దండం పెట్టుకొంటున్నది. కాలేజీ పిల్లలిద్దరు చీర మడతలలోని నీడలను గురించి చర్చించుకొంటున్నారు. నేను మాత్రం పైటకొంగుకేసి చూచాను. అంచు తీరుగానే ఉన్నది గాని, అది రంగుతో వేసిన అంచే. మహారాజుగారి లక్ష్మి కట్టుకొన్న చీర నా కంటికి కొంచెం వెలవెలబోయింది.