పరదా ఇవతల ఒక కప్పు టీ

హైదరాబాద్ వెళితే చార్మినార్, గాజులు, ముత్యాలు... మన ఆడవాళ్ళ జాబితా అంతేకదండీ! ఈసారి ఓ పాత ఇరానీ హోటల్లో కూడా కాసేపు కూచుని రండి.

మాది అమలాపురం. తెల్లారితే కాఫీయే తప్ప టీ ఊసెత్తని ఇల్లు. "మగాళ్ళ మధ్య కూచుని టీ ఏమిటే?" అన్నారు మా అత్తగారు. అయినా వెళ్ళాం. గుండ్రటి పాలరాతి బల్లలు, నిగనిగలాడే చెక్క కుర్చీలు, గోడలకి పెద్ద పెద్ద అద్దాలు. మన కోనసీమ మండువా లోగిలిలో అడుగుపెట్టినట్టే అనిపించింది.

ఇరాన్ నుంచి వలస వచ్చినవాళ్ళు పెట్టిన హోటళ్ళివి. అబిడ్స్‌లోని గ్రాండ్ హోటల్ 1935 నాటిది. ఒకప్పుడు ఆడవాళ్ళొస్తే పరదా కట్టిన ఫ్యామిలీ రూములోకి పంపేవారు. నేను మాత్రం హాల్లోనే, వీధి కనబడే బల్ల దగ్గర కూచున్నాను. ఎవరూ తలతిప్పి చూడనైనా లేదు!

ఇక టీ సంగతి. పాలల్లో టీపొడి వేసి మరిగించరు. డికాక్షన్‌ని మూతపెట్టి సన్నసెగ మీద చాలాసేపు ఉంచుతారు. పాలు వేరే గిన్నెలో చిక్కబడేదాకా కాస్తారు. కప్పులోనే రెండూ కలుస్తాయి. పక్కన ఉస్మానియా బిస్కెట్, కాస్త తీపి, కాస్త ఉప్పు. చివరి నిజాం ఉస్మాన్ అలీఖాన్ పేరు మీద వచ్చిందట. ఇంట్లోనూ చేసుకోవచ్చు గానీ గ్యాసు ఖర్చు నన్నడక్కండి.

ఇలాంటి హోటళ్ళు ఒక్కొక్కటే మూతపడుతున్నాయి. ఉన్నప్పుడే చూడాలి.

ఇన్నేళ్ళూ అందరికీ కాఫీలు అందించి, నా గ్లాసు చల్లారాక తాగినదాన్ని. ఆ రోజు ఎవరో పెట్టిచ్చిన టీ పొగలు కక్కుతుండగానే తాగాను. రెండో కప్పు కూడా చెప్పాను. మావారు గడియారం చూసుకుంటున్నారు, చూసుకోనివ్వండి!