పైకి చూడాల్సిన గొట్టాలు

జూన్ 12
జర్మన్ల 88 మి.మీ. ఫ్లాక్ (విమాన విధ్వంసక) ఫిరంగి ఫొటో ఒకటి చాలాసేపు చూశాను. నాలుగు పక్కలకీ చాచిన ఉక్కు కాళ్లు, మధ్యలో పీఠం, గొట్టం మీద వరసగా తెల్లరంగు పట్టీలు. పట్టీకొక వేట. వాటిలో విమానాలెన్నో, ట్యాంకులెన్నో ఫొటోలో తేలదు.

గుండు ఎనిమిది కిలోమీటర్ల ఎత్తుకి, విమానం జారుకునేలోపే చేరాలి. అందుకే సెకనుకు 800 మీటర్ల వేగం. గొట్టాన్ని నేలకి వంచితే ఆ వేగమంతా ఉక్కు కవచం మీద పడుతుంది. పెద్దగా వంపు లేకుండా నేరుగా పోతుంది కాబట్టి గురీ సులువే. 1940 మేలో ఫ్రాన్స్‌లోని ఆరాస్ దగ్గర బ్రిటిష్ మటిల్డా ట్యాంకుల 78 మి.మీ. కవచానికి జర్మన్ల 37 మి.మీ. గుండ్లు తగిలి ఊరికే రాలిపోతుంటే, జర్మన్ సేనాని రోమెల్ ఈ 88లనీ రంగంలోకి దించాడు.

జూన్ 15
1941లో ఇదే రోజు, ఈజిప్టు సరిహద్దులో హల్ఫాయా కనుమ. జర్మన్లు 88లను గోతులు తవ్వి దింపారు. పైకి గొట్టం తప్ప పెద్దగా కనబడనివ్వలేదు. దగ్గరికొచ్చిన మటిల్డాలు ఒకదాని వెనక ఒకటి తగలబడ్డాయి. అక్కడి జర్మన్ దళపతి విల్‌హెల్మ్ బాక్, ఈ యుద్ధానికి ముందు చర్చి పాస్టరు! ఆ ట్యాంకులతో పాటు కనుమ మీదికి వెళ్లినవాళ్లలో మన నాలుగో ఇండియన్ డివిజన్ వాళ్లున్నారు, మరాఠాలూ రాజపుతానా రైఫిల్సూ.

జూన్ 16
బ్రిటిష్ వాళ్లకీ 3.7 అంగుళాల విమాన విధ్వంసక ఫిరంగి ఉండేది. 88కి తీసిపోయేది కాదు. కానీ దాన్ని ట్యాంకుల మీదికి పెద్దగా తిప్పలేదు. బరువు తొమ్మిది టన్నుల పైమాటే, ట్యాంకు మీద గురిపెట్టే అద్దాలు మొదట్లో లేవు, పైగా రేవుల్ని బాంబుల నుంచి కాయాలి. ఇవన్నీ నిజమైన కారణాలే. అయినా ‘ఇది మా పని కాదు’ అనే ఆఫీసు బుద్ధి కూడా ఉందనిపిస్తుంది నాకు.

ఆగస్టు 23
1942, స్టాలిన్‌గ్రాడ్. ఆ మధ్యాహ్నం పైనుంచి వందల జర్మన్ విమానాలు, ఉత్తరం వైపు నుంచి జర్మన్ 16వ పాంజర్ డివిజన్ ట్యాంకులు, రెండూ ఒకేరోజు. మధ్యలో సోవియట్ల 1077వ విమాన విధ్వంసక రెజిమెంటు. అందులో చాలామంది అప్పుడే బడి వదిలిన అమ్మాయిలు. అండగా పదాతిదళం లేదు. గొట్టాలు నేలకి దించారు. 37 ఫిరంగి స్థావరాలనూ ఒక్కొక్కటిగా ధ్వంసం చేస్తేగానీ జర్మన్లకు దారి దొరకలేదు. నేల మీదికి తిప్పిన ప్రతి గొట్టమూ ఆకాశానికి ఒకటి తక్కువే. ఊరేమో పైనుంచి కాలిపోతోంది.

88 గొప్పలు రాసేవాళ్లు ఈ లెక్క వేయరు.

సెప్టెంబరు 2
అఫ్గానిస్తాన్ యుద్ధంలో సోవియట్ల విమాన విధ్వంసక బండి షిల్కా: నాలుగు 23 మి.మీ. గొట్టాలు. కొండల మీంచి కాల్చే ముజాహిదీన్ తిరుగుబాటుదారుల వైపు ట్యాంకు గొట్టం అంతెత్తు లేవదు, ఇది లేస్తుంది. వాళ్లకు విమానాలెక్కడివి? రాడార్ పీకేసి, ఆ చోట్లో గుండ్లు నింపారు: 2000 ఉండేవి 4000 అయ్యాయి.