మామిడి తోటలో పడవ పాఠం

జగిత్యాల జిల్లాలో పెగడపల్లి ఒక మండల కేంద్రం. బస్సులో పోతూ ఉంటే దారి పొడుగునా వరి మళ్లూ, మామిడి తోటలూ కనిపిస్తాయి. సముద్రం చూడాలంటే అక్కడినుంచి వందల కిలోమీటర్లు పోవాలి. అయినా మొన్న వేసవిలో నేను ఆ ఊళ్లోనే తెరచాప పడవల పాఠం ఒకటి నేర్చుకుని వచ్చాను. ఆ పాఠం చెప్పినవాడు ఒకప్పుడు నా దగ్గర ఏడో తరగతి చదివిన పిల్లవాడే!

ఈ ప్రాంతంనుంచి ఎందరో బతుకుతెరువుకోసం గల్ఫు దేశాలకు వెళ్లారు. మా శిష్యుడు కూడా వెళ్లి, దుబాయిలో పడవలు ఆగే రేవులో చాలా ఏళ్లు కరెంటు పని చేశాడు. ఇప్పుడు ఊరిబయట తన మామిడి తోటలో ఇల్లు కట్టుకుని తల్లితో, భార్యాబిడ్డలతో ఉంటున్నాడు. ఆ ఇంటికి కరెంటు తీగ రాలేదు. కప్పుమీద సోలార్ పలకలు, గదిలో ఒక బ్యాటరీ, వంటింట్లో పైకి మూత తెరుచుకునే చిన్న ఫ్రిజ్ ఉన్నాయి.

నేను వెళ్లేసరికి ఎండ మండిపోతున్నది. ఫ్రిజ్ మూత ఎత్తి, చల్లని నీళ్ల సీసాకోసం నింపాదిగా వెదకసాగాను.

శిష్యుడు మొహమాటపడుతూ, "సార్, ఏమీ అనుకోకండి. మూత వేసెయ్యండి. మా అవ్వ మందు అందులోనే ఉన్నది," అన్నాడు.

అతని తల్లికి చక్కెర వ్యాధి. ఆమె వాడే ఇన్సులిన్ సీసాలను తెరిచేవరకూ 2 నుంచి 8 డిగ్రీల చల్లదనంలో ఉంచాలి. వేడి తగిలితే మందు బలం తగ్గుతుంది. గడ్డకడితే అసలే పనికిరాదు. నిరుడు ముసురు పట్టినప్పుడు బ్యాటరీ ఆగిపోయి, తెచ్చిన మందంతా పాడయిందట.

"బ్యాటరీ అంత త్వరగా ఎందుకు చెడిందిరా?" అని అడిగాను.

"తప్పు నాదే సార్. రోజూ అడుగంటేదాకా వాడాను. పడవలవాళ్లు ఆ పని చెయ్యరు," అన్నాడు.

తెరచాప పడవకు నడవటానికి గాలి చాలు. కాని అందులోని ఫ్రిజ్ నడవాలంటే బ్యాటరీ కావాలి. నడి సముద్రంలో అది అయిపోతే ఇంకొకటి దొరకదు. సీసపు పలకల బ్యాటరీని మాటిమాటికీ సగంకంటె ఎక్కువ ఖాళీచేస్తే, పలకలమీద గట్టి తెల్లని పెచ్చు కడుతుంది. ఆపైన అది పూర్తిగా నిండదు.

శిష్యుడు పలకమీద లెక్క వేసి చూపించాడు. అతని బ్యాటరీలో 100 ఆంపియర్-గంటల కరెంటు పడుతుంది. అందులో వాడదగింది 50. ఫ్రిజ్ మోటారు తిరిగినంతసేపూ 4 ఆంపియర్లు తీసుకుంటుంది. నడివేసవిలో అది రోజుకు 16 గంటలు తిరిగితే 64 ఖర్చవుతుంది. అంటే హద్దు దాటినట్టే! దానిని 8 గంటలకు తగ్గిస్తే 32తో సరిపోతుంది.

"మరి ఎలా తగ్గించావు?" అన్నాను.

అతను ఫ్రిజ్ చుట్టూ తిప్పి చూపించాడు. దానిని ఎండ తగలని మూలకు జరిపాడు. లోపలి వేడి బయటికి పోయే వైపు గోడకు జానెడు ఎడం వదిలాడు. మిగిలిన పక్కలకు దళసరి థర్మోకోల్ పలకలు బిగించాడు. చల్లగాలి బరువైనది కనుక, పైమూత తీసినా నీళ్లలాగా ఒలికిపోదు. అయినా మూత తీసేముందే ఏం కావాలో అనుకోవాలని ఆ ఇంట్లో కట్టడి! కాచిన పాలు చల్లారిన తరువాతనే లోపల పెడతారు. తాగే నీళ్లు మాత్రం కుండలోనే. కుండ చెమర్చి, ఆ చెమ్మ ఆరేటప్పుడు నీళ్లలోని వేడిని తీసుకుపోతుంది. దానికి కరెంటు అక్కర లేదు.

అన్నిటికంటె నాకు నచ్చిన ఉపాయం మరొకటి. మధ్యాహ్నం బ్యాటరీ నిండిపోయాక, వృథా అయ్యే కరెంటుతో ఐసు అరలో నీళ్ల సీసాలను గడ్డ కట్టిస్తాడు. పొద్దుగూకగానే వాటిని ఫ్రిజ్ అడుక్కు మారుస్తాడు. కిలో ఐసు కరగటానికి పట్టే వేడితో కిలో నీళ్లను 0 నుంచి 80 డిగ్రీలదాకా కాచవచ్చు. ఆ వేడినంతా ఐసు మింగుతూ ఉంటే, రాత్రి మోటారుకు అంత పని ఉండదు. ఇన్సులిన్ మాత్రం ఐసుకు తగలకుండా పైబుట్టలో, పక్కన థర్మామీటరుతో ఉంటుంది.

ప్రభుత్వం పిల్లల టీకాలను దాచే ఫ్రిజ్‌లలోనూ ఇదే సూత్రం. వాటి గోడల్లో ఐసు ఉంటుంది. రోజుకు 8 గంటలు కరెంటు వచ్చినా టీకాలు చెడవు.

ఆ సాయంత్రమే గాలిదుమారం లేచి వాన కురిసింది. మర్నాడంతా మబ్బే. ఆ రాత్రి అవ్వ మంచంమీద కూర్చుని, "బిడ్డా, మందు మంచిగనే ఉన్నదా?" అని రెండుసార్లు అడిగింది. నాకూ సరిగా నిద్ర పట్టలేదు.

తెల్లవారగానే శిష్యుడు ఫ్రిజ్ కాసేపు ఆపి బ్యాటరీని కొలిచాడు: 12.3 వోల్టులు. అలాంటి బ్యాటరీ సగానికి దిగితే సుమారు 12.2 చూపిస్తుంది. థర్మామీటరు 6 డిగ్రీలమీద ఉన్నది. అవ్వ మొహం విప్పారింది.

పిల్లలూ, 2017 సెప్టెంబరు 10న గోవానుంచి ఆరుగురు నౌకాదళ మహిళలు "తారిణి" అనే తెరచాప పడవలో బయలుదేరి, భూమిని చుట్టి 2018 మే 21న తిరిగివచ్చారు. వారిలో హైదరాబాదు అమ్మాయి బొడ్డపాటి ఐశ్వర్య, విశాఖపట్నం అమ్మాయి పాతర్లపల్లి స్వాతి ఉన్నారు. తీరం కనబడని చోట ఉన్నదానిని పొదుపుగా వాడుకోవటమే బతకటం. తోటలోని ఆ ఇల్లు కూడా అలాంటి పడవే.

బయలుదేరేముందు మళ్లీ దాహం వేసింది. ఈసారి నేను ఫ్రిజ్ వైపు పోలేదు. కుండలో నీళ్లు ముంచుకుని తాగాను. శిష్యుడు చూసి నవ్వాడు, నేనూ నవ్వాను.