మునిగిన ఊరికి నాలుగు కొత్త టైర్లు

"ఏంది బిడ్డా, బండికి బూట్లు కొనిచ్చినవా?"

కరీంనగర్‌లో కొత్త టైర్లు వేయించుకుని ఇంటికొచ్చిన రోజు మా బాపమ్మ అడిగిన మాట ఇది. దగ్గరకొచ్చి వంగి, టైరు మీద గడ్డల్లా ఉన్న రబ్బరును వేలితో నొక్కి చూసింది. "మంచిగనే ఉన్నయి. గీటితోని పోతమా అయితే?" అంది.

పోయేది ఎక్కడికో చెప్పాలంటే ముందు మా ఊరు ఎక్కడుందో చెప్పాలి. బోయినపల్లి మండలం నీలోజిపల్లి. రాజన్న సిరిసిల్ల జిల్లా. మ్యాప్‌లో వెతికితే ఒక పేరుకు రెండు చోట్లు దొరుకుతాయి. ఒకటి మేం ఇప్పుడుంటున్న ఆర్ అండ్ ఆర్ కాలనీ. రెండోది నీళ్లు. మానేరు మీద మన్వాడ దగ్గర కట్టిన మిడ్ మానేరు ప్రాజెక్టులో మునిగిన ఊళ్లలో మాదీ ఒకటి. కొదురుపాక, వరదవెల్లి కూడా మాలాగే పోయాయి. 25 టీఎంసీలకు పైగా నీళ్లు పట్టే రిజర్వాయర్ అది. 2016 సెప్టెంబరులో పనులు నడుస్తుండగానే వరదకు కట్ట తెగిన వార్త మీలో కొందరికి గుర్తుండే ఉంటుంది. ఆ తర్వాత కట్ట నిలబడింది, నీళ్లు నిలిచాయి, ఊరు పోయింది.

అయితే ఎండాకాలం నీళ్లు బాగా దిగిన ఏడు పాత ఊరు బయటపడుతుంది. మొండి గోడలు, మోడు చెట్లు, కరెంటు స్తంభాల మొదళ్లు. అప్పుడు కాలనీలో పెద్దోళ్లంతా ఒకసారి పోయి చూసి వస్తారు. మా బాపమ్మకు చూడటంతో సరిపోలేదు. ఆమెకు రోలు కావాలి.

పాత ఇంటి వెనక నేలలో పాతిన రోలు. ఇల్లు ఖాళీ చేసినప్పుడు దర్వాజలు, దూలాలు, పెంకులు అన్నీ తెచ్చారు. రోలు వంద కిలోల పైనే ఉంటుంది, మళ్లీ తెద్దాంలే అని వదిలేశారు. మళ్లీ అనేలోపు నీళ్లొచ్చాయి. కాలనీ ఇంట్లో మిక్సీ ఉంది. ఆమె ఆ మిక్సీని ఇప్పటికీ పేరు పెట్టి పిలవదు, "ఆ సప్పుడు డబ్బ" అంటుంది.

బండి సంగతికొస్తాను. భూమి పోయినందుకు వచ్చిన పైసల్లో మా బాపు సెకండ్ హ్యాండ్‌లో బొలెరో క్యాంపర్ కొన్నాడు. ముందు ఐదుగురు కూర్చోవచ్చు, వెనక డాలాలో సరుకు వేసుకోవచ్చు. వేములవాడ మార్కెట్‌కు కూరగాయలు, కాలిపోయిన మోటార్లు, పెళ్లి సామాన్లు... ఏది దొరికితే అది. మూడెకరాల పొలం నాలుగు చక్రాలైందని బాపు అప్పుడప్పుడు అంటుంటాడు. నవ్వుతూనే అంటాడు కానీ నాకు నవ్వు రాదు.

మొన్న పాత టైర్లు అరిగాయి. గాడి లోతు 1.6 మిల్లీమీటర్లకు వస్తే టైరు మార్చాలని రూలు. గాడుల మధ్యలో చిన్న మెట్టులా రబ్బరు ఉంటుంది, ట్రెడ్ అరిగి దానికి సమానమైతే టైరు పని అయిపోయినట్టే. నేను హైదరాబాద్‌లో కోడ్ రాసుకునేవాణ్ని. కొనే ముందు రెండు వారాలు రాత్రిళ్లు వీడియోలు చూసి, బండికి ఏటీ టైర్లే కావాలని తేల్చాను. ఏటీ అంటే ఆల్ టెర్రైన్, అన్ని నేలలు. అన్ని నేలల్లో మా ఊరి నేల కూడా ఉంటుందనుకున్నాను.

"ఎన్ని పైసలు?" అన్నాడు బాపు. నాలుగూ కలిపి ముప్పై వేలు దాటుతాయన్నాను. చాలాసేపు ఏం మాట్లాడలేదు. చివరికి "నీ పైసలు, నీ ఇష్టం" అన్నాడు. మా ఇంట్లో ఆ మాటకు ఒప్పుకున్నాను అని అర్థం, ఒప్పుకోలేదు అని కూడా అర్థం.

టైరు కొనబోయే వాళ్ల కోసం షాపులో జరిగింది చెప్పాలి. మా బండి సైజు 235/75 ఆర్15. మొదటి అంకె వెడల్పు, మిల్లీమీటర్లలో. రెండోది ఆ వెడల్పులో నూటికి ఎంత ఎత్తు అన్నది. అంటే మా టైరు పక్కగోడ దాదాపు 176 మిల్లీమీటర్లు. 15 అనేది రిమ్ సైజు, అంగుళాల్లో. ఇంతవరకు అందరం చూస్తాం. దాని పక్కన ఇంకో అంకె ఉంటుంది, నేను చూడనిది అదే. 105 అని ఉంటే ఒక్కో టైరు 925 కిలోలు మోస్తుంది. 109 అని ఉంటే 1,030. నాకు నచ్చిన డిజైన్ తక్కువ అంకెది. షాపాయన నన్ను కాదు, బాపును అడిగాడు: "కాకా, ఎనక ఎంత లోడేస్తరు?" బాపు నిజం చెప్పాడు. బండి కాగితాల మీద రాసిన లోడు కాదు, నిజంగా వేసే లోడు. షాపాయన నవ్వి, నా టైరు పక్కన పెట్టి, ఎక్కువ అంకెది తీశాడు. పికప్‌కు కారు టైరు తొడిగి, ఎండాకాలం లోడుతో నడుపుతూ నడిరోడ్డు మీద పక్కగోడ పేల్చుకున్నవాళ్లు ఆయనకు చాలామంది తెలుసట.

ఇంకో గుర్తు కూడా ఉంది. మూడు శిఖరాల కొండ, మధ్యలో మంచు రేకు. మంచు నేల మీద పట్టుకు పరీక్షించిన టైరని అర్థం. మాకు మంచంటే సంక్రాంతి ముందర పొద్దున కురిసేదే. ఆ గుర్తున్న టైరుకు ఇంకాస్త ధర. వద్దన్నాం.

ఈ టైర్ల కథ అమెరికాది. అక్కడ రైతూ, వడ్రంగీ, వేటగాడూ అందరూ నడిపేది పికప్ ట్రక్కే. వాటి కోసం 1976లో బీఎఫ్‌గుడ్రిచ్ కంపెనీ రేడియల్ ఆల్ టెర్రైన్ టైరు తెచ్చింది. ఆలోచన సింపుల్. హైవే టైరు గాడులు సన్నం, రోడ్డు మీద మెత్తగా పోతుంది, మట్టిలో జారుతుంది. మడ్ టైరు గాడులు పెద్దవి, మట్టిలో లాగుతుంది, రోడ్డు మీద గొడవ చేస్తుంది. ఈ రెంటికీ మధ్యన పెట్టిన రాజీ ఏటీ. రాజీ అన్న మాట వీడియోల్లో ఎవరూ గట్టిగా చెప్పరు.

మొదటి నెల అనుభవం ఇది. కంకర రోడ్డు మీద, పొలాల బాటల మీద నిజంగానే తేడా ఉంది. పాత టైర్లతో నెలకు రెండు పంక్చర్లయ్యేవి, ఇప్పటికి ఒక్కటీ కాలేదు. రాజీవ్ రహదారి ఎక్కి ఎనభై దాటితే మాత్రం కింద నుంచి తుమ్మెద మోతలాంటి శబ్దం. బాపు పాటల వాల్యూం పెంచాడు. మైలేజీ లీటరుకు కిలోమీటరు దాకా పడింది. నేను చెప్పలేదు, బాపే డైరీలో రాసి పెట్టుకుని చూపించాడు. గాడుల్లో కంకర రాళ్లు ఇరుక్కుంటాయి, వారానికోసారి స్క్రూడ్రైవర్‌తో తీయాలి. ఆ పని బాపమ్మ తీసుకుంది. బియ్యంలో మెరిగెలు ఏరినట్టు ఏరుతుంది.

గంగాధర దగ్గర ఛాయ్ హోటల్లో ఒక గ్రానైట్ లారీ డ్రైవర్ మా టైర్లు చూసి పడీపడీ నవ్వాడు. అటు క్వారీల నుంచి టాన్ బ్రౌన్, మేపుల్ రెడ్ బండలు మోసే బండి ఆయనది. "తమ్మీ, మాకు ఒక్క బండికే రెండు రకాలుంటయి" అని చూపించాడు. ముందు టైర్లకు నిలువు గాడులు, దాన్ని రిబ్బు అంటారు, స్టీరింగు చెప్పినట్టు వినడానికి. వెనక టైర్లకు అడ్డ గాడులు, అది లగ్గు, లాగడానికి. "అన్ని పనులు ఒక్కటే టైరు చెయ్యాలంటే, ఏ పని సక్కగ చెయ్యది" అన్నాడు. అప్పుడు నాకు కోపం వచ్చింది. ముప్పై వేలు పెట్టినవాడికి రాదా మరి.

ఏప్రిల్ చివరి ఆదివారం పొద్దున ఐదున్నరకే బయల్దేరాం. బాపు, నేను, బాపమ్మ. డాలాలో గడ్డపార, పార, రెండు మోకులు. నీళ్లు అప్పటికి చాలా వెనక్కి పోయాయి. దూరంగా వరదవెల్లి గుట్ట మీద దత్తాత్రేయ స్వామి గుడి కనిపించింది. రిజర్వాయర్ నిండితే అది దీవి, పడవలో పోవాలి.

పాత తారు రోడ్డు నీళ్లలోంచి అలాగే లేచి ఉంది. ఇన్నేళ్లు మునిగినా మధ్యలో తెల్ల గీత అక్కడక్కడా కనిపిస్తోంది. దాని మీద దిగుతుంటే బాపమ్మ కిటికీలోంచి చెప్పుకుంటూ వచ్చింది. ఇది బడి, ఇది పోచమ్మ గుడి మూల, ఇక్కడ యాపచెట్టు. నాకు మాత్రం బూడిద రంగు దిబ్బలే కనిపించాయి. నేనక్కడే పుట్టాను.

రోడ్డు అయిపోయిన చోట ఒండ్రు మొదలైంది. పైన పగుళ్లిచ్చి, ఎండిన పెంకుల్లా ఉంది. బాపు ఆపేశాడు. "ఇగ నడుద్దాం" అన్నాడు. ఇంకో మూడు వందల మీటర్లే కదా, ఈ టైర్లు కొన్నదే దీనికోసం కదా అని స్టీరింగు నేను తీసుకున్నాను.

నలభై మీటర్లు పోయిందేమో. పై పెంకు విరిగి వెనక చక్రాలు కిందికి దిగాయి. కింద వెన్నలా మెత్తటి బంక. నేను చేసిన తప్పులు వరుసగా రాస్తాను, మీరు చేయకండి. భయపడి యాక్సిలరేటర్ తొక్కాను. చక్రం గిర్రున తిరిగి గుంత తవ్వుకుంది. గాడులన్నీ మట్టితో నిండి, ముప్పై వేల టైరు గుండుగా, నున్నగా, మైదా ముద్దలా తయారైంది. మాది ఫోర్ వీల్ డ్రైవ్ కాదు, తిప్పేవి వెనక చక్రాలే. డాలా ఖాళీ, అంటే వెనక బరువు లేదు, పట్టు లేదు. పైగా డిఫరెన్షియల్ లాక్ లేని బండిలో ఒక చక్రం జారుతుంటే ఇంజిన్ బలమంతా ఆ జారే చక్రానికే పోతుంది. ఇవన్నీ నాకు ముందే తెలుసు, ఇంజనీరింగ్‌లో పరీక్ష కూడా రాశాను.

బాపు ఏమనలేదు. దిగి టైర్లలో గాలి తీయడం మొదలుపెట్టాడు. గాలి తగ్గితే టైరు నేలకు పొడుగ్గా ఆనుతుంది. ఇరవై దాకా తగ్గించి, కింద రాళ్లు పేర్చి చూశాం. రెండడుగులు కదిలి మళ్లీ దిగింది.

"మీరు దాంతోని కొట్లాడుండ్రి, నేను పోతున్న" అని బాపమ్మ చెప్పులు చేతిలో పట్టుకుని నడవసాగింది. డెబ్బై దాటిన మనిషి. నేను వెంట పరుగెత్తాను, మోకాలిదాకా దిగాను. ఆమె వెనక్కి తిరిగి చూసి, "ఎండినట్టు కనవడ్డ కాడ అడుగు పెట్టకు. గడ్డి మొలిసిన కాడ పెట్టు. నా ఎనకనే రా" అంది. గడ్డి వేళ్లు పట్టిన చోట నేల గట్టిగా ఉంది. ఆమె అడుగుల్లో అడుగు వేస్తూ పోయాను.

రోలు పైఅంచు మాత్రమే కనిపిస్తోంది. లోపల ఒండ్రు, అందులో రెండు నత్త గుల్లలు. ఆమె పక్కన కూర్చుని చేత్తో మట్టి తీసింది. తీస్తూ ఏదో అంటోంది. నాతో కాదు. నేను కొంచెం దూరం జరిగి నిలబడ్డాను.

ట్రాక్టర్ ఒక గంటకు వచ్చింది. నీళ్లు దిగిన నేలలో నువ్వులు వేసుకున్న ఒక రైతుది. దాని వెనక టైరు చూడండి ఎప్పుడైనా. ఎత్తయిన రబ్బరు కడ్డీలు ఏటవాలుగా, మధ్యలో బోలెడంత ఖాళీ. తిరుగుతూ తిరుగుతూ మట్టిని పక్కలకు తోసేసుకుంటుంది. గడ్డి మీదుగానే వచ్చి ముందు రోలును తవ్వి తీసి, ఇనుప పలక మీద కట్టి బండి దాకా ఈడ్చింది. నలుగురం ఎత్తి డాలాలో వెనక ఇరుసు మీదకు పెట్టాం. మోకు కట్టి ట్రాక్టర్ లాగింది. ఈసారి నేను సెకండ్ గేర్‌లో మెల్లగా వదిలాను. రోలు బరువుకు వెనక చక్రాలు కొంచెం కరిచాయి. బండి బయటపడింది.

పైసలిస్తే ఆ రైతు తీసుకోలేదు. "మా అవ్వది కూడ రోలు అండ్లనే ఉన్నది. నీళ్లు ఇంక దిగాలె" అన్నాడు. డీజిల్ పోయిస్తామంటే సరేనన్నాడు.

తారు రోడ్డు ఎక్కాక పన్నెండు వోల్టుల పంపుతో నాలుగింట్లోనూ గాలి నింపాను. తక్కువ గాలితో వేగంగా పోతే పక్కగోడ వేడెక్కి పాడవుతుంది. నింపడానికి అరగంట పట్టింది. అంతసేపూ బాపమ్మ డాలాలో రోలు పక్కనే కూర్చుంది, ముందుకు రమ్మంటే రాలేదు.

ఇప్పుడది కాలనీ ఇంటి వెనక, నల్లా పక్కన ఉంది. మే మొదటి వారంలో మామిడికాయ తొక్కు దంచింది. హైదరాబాద్ వచ్చేటప్పుడు డబ్బాలో పెట్టిచ్చి, బండి దగ్గరకొచ్చి టైరు గాడిలో ఎండిన ఒండ్రును గోటితో గీకి చూసింది. "ఇంక పోలేదురా మన మన్ను" అంది.

"కడుగుతా బాపమ్మా."

"ఉండనియ్యి. వానకాలంల అదే పోతది."