మా అయ్య తుడిచిన విమానం

ఏదైనా వ్రాసి ఇమ్మని మన సంపాదకులు అడిగి నాలుగు నెలలయింది. కనపడినప్పుడల్లా ఏదో సాకు చెప్పి తప్పించుకుంటూ వచ్చాను. నాకు కథలు రావు, కవిత్వం అసలే రాదు. నలభై ఏళ్ళు విమానాల మరమ్మతు షెడ్లలో స్పానరు పట్టిన చెయ్యి నాది. అందుచేత నాకు తెలిసిన ఒక విమానం గూర్చి వ్రాస్తున్నాను. తప్పులుంటే పెద్దలు మన్నించాలి.

మా తాత శ్రీకాకుళం వైపునుంచి జొహోర్ రబ్బరు తోటకు వచ్చినవాడు. మా అయ్య ఆ తోటలోనే పుట్టాడు. యుద్ధం అయిపోయాక సింగపూరు చేరి, 1951లో సెలెటార్‌లోని బ్రిటిష్ వాయుసేన స్థావరంలో కూలీగా కుదిరాడు. మేము జలాన్ కాయులో అటాప్ కప్పు ఇంట్లో ఉండేవాళ్ళం. సెలెటార్ 1928 నుంచీ ఉన్న స్థావరం. దాని లోపలి రోడ్లకు లండన్ వీధుల పేర్లు పెట్టారు, పికడిల్లీ, పార్క్ లేన్ అని. ఆ పేర్లు ఇప్పటికీ ఉన్నాయి, వెళ్ళి చూడవచ్చు. "నేను రోజూ పికడిల్లీ మీంచి సైకిల్ తొక్కుతాను, మన ఊరి దొరకి కూడా ఆ భాగ్యం లేదు" అని అయ్య నవ్వేవాడు.

ఆయన పని విమానాలు కడగడం, పొట్టకింద కారిన నూనె తుడవడం, చక్రాలకు అడ్డు దిమ్మలు పెట్టడం. సాయంత్రం ఇంటికి వస్తే ఒళ్ళంతా పెట్రోలు వాసన. అమ్మ ఆయన బట్టలు మా బట్టలతో కలపకుండా వేరే ఉడకబెట్టేది.

అప్పట్లో సెలెటార్‌లో 81వ స్క్వాడ్రన్ ఉండేది. దాని పని ఫోటోలు తీయడం. మలయాలో 1948లో మొదలైన ఎమర్జెన్సీ నడుస్తున్న కాలం అది. అడవిలో దాగినవారి స్థావరాలు వెతకడానికి, మ్యాపులు గీయడానికి పైనుంచి ఫోటోలు కావాలి. అందుకు వాడిన విమానాలలో స్పిట్‌ఫైర్ పంతొమ్మిదో రకం ఒకటి. స్పిట్‌ఫైర్ అనగానే అందరికీ యుద్ధం గుర్తుకు వస్తుంది. కాని ఈ రకానికి తుపాకులు లేవు. ఇతర స్పిట్‌ఫైర్ల రెక్కల్లో తుపాకులుండే జాగాలో దీనికి పెట్రోలు నింపేవారు, వెనుక భాగంలో కెమెరాలు పెట్టేవారు. ఒళ్ళంతా నీలం రంగు. రెండువేల గుర్రపు శక్తి గల గ్రిఫన్ ఇంజను. నలభై వేల అడుగుల పైకి పోగలదు. మొత్తం 225 మాత్రమే తయారయ్యాయి. అయ్య వాటిని "నీలం పిట్టలు" అనేవాడు.

1954 ఏప్రిల్ 1న ఆ స్క్వాడ్రన్‌కు చెందిన పి.ఎస్. 888 అనే స్పిట్‌ఫైర్ జొహోర్ అడవుల మీద ఫోటోలు తీసి సెలెటార్‌లో దిగింది. బ్రిటిష్ వాయుసేనలో స్పిట్‌ఫైర్ చేసిన చిట్టచివరి విధి నిర్వహణ అదే. దాని ముక్కుమీద "ఇదే ఆఖరు" అని ఇంగ్లీషులో రంగుతో వ్రాశారు. నాకప్పుడు ఎనిమిదేళ్ళు. ఆ రాత్రి అన్నం తింటూ అయ్య, "నీలం పిట్టలు ఇంక ఎగరవంట" అన్నాడు. అంతకు మించి ఏమీ అనలేదు.

వాటిలో పి.ఎస్. 890 అనే ఒకటి అదే ఏడు థాయిలాండ్ వాయుసేనకు వెళ్ళింది. 1962లో అక్కడి రాజుగారు దానిని అమెరికాలో కాలిఫోర్నియాలోని ప్లేన్స్ ఆఫ్ ఫేమ్ అనే విమానాల మ్యూజియానికి బహుమానంగా ఇచ్చారు. ఇవన్నీ నాకు తర్వాత తెలిశాయి. 1969లో సెలెటార్ వాయుసేన స్థావరం మూతపడింది, అయ్య ఉద్యోగమూ దానితోనే ముగిసింది. ఆ ఏడే నేను విమానాల మరమ్మతు పనిలో చేరాను. ఆయన 1989లో పోయాడు.

2001లో సెలవు పెట్టి ఆరు వారాలు కాలిఫోర్నియాలో మా మేనల్లుడి దగ్గరకు వెళ్ళాను. వాడు పొద్దున్నే ఆఫీసుకు పోతే ఇంట్లో నేను, టీవీ, ఫ్రిజ్జులో నిన్నటి పప్పు. నా అవస్థ చూడలేక ఒక శనివారం వాడే కారులో చీనో విమానాశ్రయం దగ్గర ఆ మ్యూజియానికి తీసుకువెళ్ళి దింపాడు. ఒక షెడ్డులో రంగు ఊడదీసిన స్పిట్‌ఫైర్ ఉంది. పక్కన బల్లమీద అతికించిన కాగితంలో దాని చరిత్ర. రెండో వరుసలో "సెలెటార్" అని ఉంది. ఆ మాట చూసి ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలియదు.

అక్కడ పని చేసేవాళ్ళలో జీతగాళ్ళు కొందరు, జీతం ఆశించనివాళ్ళు కొందరు. నేను మాట్లాడినవాళ్ళలో ఒకాయన పోస్టాఫీసులో చేసి రిటైరైనవాడు, ఇంకొకాయన బడిపంతులు. ఇంటినుంచి అన్నం డబ్బా తెచ్చుకుని సాయంత్రందాకా రివెట్లు చూసుకుంటూ కూర్చుంటారు. మన వైపు గుడి కట్టేటప్పుడు ఊళ్ళో ముసలివాళ్ళు రాళ్ళు మోయడానికి వచ్చినట్లు వచ్చారు.

పాత విమానాన్ని మళ్ళీ ఎగిరించడమంటే తుడిచి రంగు వేయడం కాదు. రేకు విప్పి లోపలి ఎముకలు చూడాలి. తుప్పు తిన్న చోట రివెట్లు ఒక్కొక్కటి తొలిచి తీసి, పాత రేకు వంపుకు సరిగ్గా సరిపడేలా కొత్త రేకు వంచాలి. నూనె గొట్టాలు, తీగలు అన్నీ మార్చాలి. మార్చిన ప్రతి ముక్కకు కాగితం ఉండాలి: ఎక్కడిది, ఎవరు బిగించారు, ఎవరు పరీక్షించారు. కాగితం లేని ముక్క ఎంత బాగున్నా పనికిరాదు. ఇంజను సంగతి ఇంకా చిత్రం. షాకిల్టన్ అనే పెద్ద విమానానికి వాడే గ్రిఫన్ ఇంజనును దీనికి అమర్చారు. దానికి ముందు ఒకదాని వెనుక ఒకటి రెండు పంకాలు, ఒకటి కుడికి తిరిగితే ఇంకొకటి ఎడమకు. ఒకే పంకా ఉంటే నేలమీద పరుగెత్తేటప్పుడు విమానం ఒక పక్కకు లాగుతుంది. రెండూ ఎదురెదురుగా తిరిగితే ఆ లాగుడు పోతుంది.

ఇక్కడ నేనొక తప్పు చేశాను. అది చెప్పడానికే ఇదంతా వ్రాస్తున్నాను. ఆ పెద్దవాళ్ళతో, "మా అయ్య సెలెటార్‌లో ఈ విమానాన్నే తుడిచేవాడు" అన్నాను. వాళ్ళు పని ఆపి నా చుట్టూ చేరారు. కరచాలనాలు చేశారు. ఒకాయన నా చేతికి గుడ్డ ఇచ్చి, "అయితే ఇవాళ మీ వంతు" అన్నాడు. ఆ పొట్టకింద పడుకుని గంటసేపు తుడిచాను. కళ్ళలో నీళ్ళు తిరిగాయని వేరే చెప్పక్కరలేదు. వెళ్ళేముందు, మీ నాన్నగారి పేరు, పనిచేసిన సంవత్సరాలు వ్రాసి ఇవ్వండి, విమానం ఫైలులో పెడతామన్నారు. పొంగిపోయి మూడు వాక్యాలు వ్రాసి సంతకం పెట్టాను.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. ఆ స్క్వాడ్రన్‌లో స్పిట్‌ఫైర్ ఒకటే కాదు. అయ్య ఏనాడూ నాకు నంబరు చెప్పలేదు. ఆయనకు అవి నీలం పిట్టలు, అంతే. ఈ పిట్టే ఆ పిట్ట అని నేనెలా చెప్పగలను? మరెవరైనా అయితే పోనీలే అనుకుంటారు. కాని తెలియనిదానికి సంతకం పెట్టరాదని ముప్పై ఏళ్ళు కుర్రాళ్ళకు నేర్పినవాణ్ణి నేను. మా పనిలో తెలియని సంతకంవల్ల మనుషులు చస్తారు.

సింగపూరు రాగానే అయ్య ట్రంకుపెట్టె తీశాను. పాసు దొరికింది. పేరు ఉంది, 1951 ఉంది, "లేబరర్" అని ఉంది. విమానం ఊసు లేదు. అమ్మనడిగాను. "ఏ ఇమానమో తుడిచినాయనే చెప్పనేదు, నీకెలగ తెలుస్తాది?" అంది.

మర్నాడు ఉత్తరం వ్రాశాను. మా తండ్రి 1951 నుంచి 1969 వరకు సెలెటార్‌లో కూలీగా పనిచేసిన మాట నిజం, 81వ స్క్వాడ్రన్ స్పిట్‌ఫైర్లు కడిగిన మాట నిజం, ఈ విమానమే కడిగాడో లేదో నాకు తెలియదు, నా కాగితం తీసివేయండి అని. పోస్టు చేసి వచ్చాక చాలా బాధపడ్డాను. ఈ లోకంలో మా అయ్య పేరు వ్రాసి ఉన్న చోటు ఆ పాసు తర్వాత అదొక్కటే. దానిని నా చేత్తో నేనే కొట్టించుకున్నాను.

నెల తర్వాత జవాబు వచ్చింది. రెండు కాగితాలూ కలిపి ఫైలులో ఉంచారట. మా వృత్తిలో పొరపాటు వ్రాస్తే చెరిపివేయకూడదు. దానిమీద ఒక గీత గీసి, కింద సరైనది వ్రాసి, తేదీ వేసి సంతకం పెట్టాలి. అదే పద్ధతి పాటించామని వ్రాశారు. ఆ ఉత్తరం ఇప్పటికీ నా దగ్గర ఉంది.

2002లో ఆ విమానం ఎగిరింది. మేనల్లుడు వీడియో క్యాసెట్ పంపాడు. అమ్మను కూర్చోబెట్టి చూపించాను. అది లేచేదాకా చూసి, "ఇదేటిరా, ఈ గోలేటి? మీ అయ్య ఇమానం ఇలగ అరవదు" అంది. డెబ్బై దాటిన మనిషి! పాత పంకా ఒకటే, దీనికి రెండు. అవును, ఆ చప్పుడు వేరు. నాకు ఒక్క క్షణం మనసు చివుక్కుమంది. క్యాసెట్ అయిపోయాక ఆమే, "మరోపాలి ఎయ్యి" అంది.

తర్వాత ఆ విమానం ఫ్రాన్స్ దేశం వెళ్ళింది. అక్కడ దాని ఒంటిమీద యు.ఎం. అనే అక్షరాలు వేశారు. అవి 152వ స్క్వాడ్రన్ గుర్తు. ఆ స్క్వాడ్రన్ పూర్తి పేరు 152 హైదరాబాద్ స్క్వాడ్రన్. నిజాంగారి విరాళానికి గుర్తుగా వచ్చిన పేరు, దాని ముద్రలో నిజాం తలపాగా ఉంటుంది. మా సెలెటార్ పిట్ట ఆ స్క్వాడ్రన్‌లో ఎన్నడూ లేదు. అయినా ఫోటోలో ఆ అక్షరాలు చూసి సంతోషించాను, అబద్ధమెందుకు. 2017లో ఒక ప్రదర్శనలో పైకి లేవబోతూ ముక్కుమీద బోల్తాపడింది. పైలట్ బతికి బయటపడ్డాడు. విమానాన్ని మళ్ళీ బాగుచేశారు, మళ్ళీ ఎగిరింది.

ఇటువంటివాటిని మ్యూజియంలో కదలకుండా ఉంచాలి, ఎగిరిస్తే పాడవుతాయి అనేవారున్నారు. వాళ్ళ మాట కొట్టివేయలేం. 1918లో నిజాం విరాళంతో 110వ స్క్వాడ్రన్‌కు ఇచ్చిన విమానాలలో ఒకటి, హైదరాబాద్ పేరు వ్రాసి ఉన్నది, లండన్‌లోని వాయుసేన మ్యూజియం సేకరణలో నేటికీ ఉంది. అది ఎగరదు, అందుకే భద్రంగా ఉంది. ఎగిరేది అరుగుతుంది, విరుగుతుంది, ముక్కలు మార్చుకుంటుంది. కొన్నాళ్ళకు పాతది ఎంత మిగిలిందని అడిగితే లెక్క చెప్పడం కష్టం.

నాకు మాత్రం మా మనవరాలు గుర్తుకు వస్తుంది. 1990లో ఇక్కడి బడులలో హిందీ, పంజాబీ, బెంగాలీ, గుజరాతీ, ఉర్దూ రెండవ భాషలుగా అనుమతించారు. ఆ అయిదింటిలో తెలుగు లేదు. కాబట్టి మన పిల్లలకు తెలుగు వస్తున్నదంటే ఆదివారం పూట తమ సెలవు వదులుకుని అక్షరాలు దిద్దించే నలుగురి పుణ్యమే. మా మనవరాలు, "తాతా, నేను హోమ్‌వర్క్ ఫినిష్ చేసి వస్తాను, వెయిట్ చెయ్యి" అంటుంది. శ్రీకాకుళం మాట కాదది, మా అమ్మ వింటే "ఈ గోలేటి" అనేది. షాకిల్టన్ ఇంజను బిగించిన స్పిట్‌ఫైర్ అన్నమాట. కాని నోరు విప్పి తాతా అంటున్నది. వెయిట్ చేస్తున్నాను.

చివరగా ఒక మనవి. సెలెటార్, ఛాంగీ, టెంగా, సెంబవాంగ్ స్థావరాలలో పనిచేసిన మన పెద్దల పాసులు, జీతం చీటీలు, ఫోటోలు మీ ఇళ్ళలో ఉంటే పారవేయకండి. సమాజానికి తెచ్చి చూపండి, నకళ్ళు తీసి అసలువి తిరిగి ఇస్తాం. తెలిసింది తెలిసినట్లు, తెలియనిది తెలియదని వ్రాసి ఉంచుదాం. ఆదివారం ఉదయం నేను అక్కడే ఉంటాను.