పంక్తిలో పథ్యము

పంక్తిలో వలపక్షము చూపరాదని మన పెద్దలు చెప్పుచుండెడివారు. ఒకని విస్తరిలో నేయి ధారగా పోసి, ప్రక్కవానికి చుక్క చిలకరించుటకంటె అవమానము వేరొకటి లేదని వారి భావము. తెలుగునేల విడిచి వచ్చి తరములు గడచినను, మన యిండ్ల పెండ్లి పందిళ్ళలో వడ్డించు కుఱ్ఱవారికి మొదట నేర్పు నీతి నేటికిని ఇదియే. ఐతే ఈ నీతిని బడి భోజనశాలలోనికి తీసికొనిపోయినపుడు ఒక చిక్కు ఎదురగుచున్నది. అందరికిని ఒక్కటే వడ్డించినంత మాత్రమున వలపక్షము లేనట్లేనా? నూరుగురికి బలమిచ్చు పదార్థమే ఒక బిడ్డకు ప్రాణభయము కలిగించునపుడు, ఆ పంక్తిలో సమత్వమనగా నేమి? హోసూరు ప్రాంతమున తరతరములుగా నిలిచిన మా యింటి పిల్లలను బడికి పంపుచు మేము ఆలోచింపవలసి వచ్చిన ప్రశ్న ఇది.

బడిలో బిడ్డకు అన్నము పెట్టవలెనను తలంపుతో మనవారికి పాత సంబంధమున్నది. 1920లో మదరాసు నగరపాలక సంస్థ థౌజండ్ లైట్స్ ప్రాంతపు పాఠశాలలో బీద పిల్లలకు ఫలహారము పెట్ట నిశ్చయించినపుడు, తలకు దినమునకు ఒక అణా మించరాదని కట్టడి చేసికొన్నది. ఆనాడు ఆ సంస్థకు అధ్యక్షులు తెలుగు దేవాంగ కుటుంబమున జన్మించిన పిట్టి త్యాగరాయ శెట్టిగారు. పిదప 1956లో కామరాజుగారును, 1982లో ఎం.జి. రామచంద్రన్‌గారును మదరాసు సీమలో ఆ పనిని విస్తరింపజేసిరి. 1995 ఆగస్టు 15న అది దేశవ్యాప్తమైన పథకమాయెను. వండిన అన్నమే పెట్టవలెనని 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు ఆదేశించినది. ప్రాథమిక పాఠశాల బిడ్డకు పూటకు 450 కాలరీలు, 12 గ్రాముల మాంసకృత్తులు అందవలెనని ఆ పథకపు కొలత. ఈ కొలతలన్నియు ఆకలిని జయించుటకు ఏర్పడినవి. ఆకలి అందరికిని ఒక్కటే. పథ్యము మాత్రము ఎవరిది వారిదే.

ఇంటింటి ఆచారము వేరని బడులు ఎరుగకపోలేదు. తమిళనాట గుడ్డు తినని బిడ్డకు అరటిపండు ఇచ్చు ఏర్పాటు చేసిరి. కర్ణాటకలో 2022-23 విద్యాసంవత్సరమున గుడ్డు ముట్టని వారికి అరటిపండో, వేరుశనగ చిక్కీయో ఇచ్చిరి. ఉద్దేశము మంచిదే. కాని గుడ్డు తినని బిడ్డకే వేరుశనగయు పడనిచో? ఒకరి కొరకు చేసిన సర్దుబాటు మరియొకరికి ఆపద కావచ్చును. కనుక పదార్థమును మార్చుటకు ముందు, ఏ బిడ్డకు ఏమి పడదో తెలిసికొనవలెను.

‘పడదు’ అను మాట మన భాషలో చాల విశాలమైనది. వంకాయ రుచి నచ్చని వాడును పడదనును; శనివారము ఒంటిపూట ఉండు ఇల్లాలును గుడ్డు తమకు పడదనును; పాలు త్రాగినంతనే కడుపుబ్బు వాడును పడదనును. మొదటిది ఇష్టము, రెండవది నియమము, మూడవది దేహధర్మము. మూటికిని మర్యాద ఇయ్యవచ్చును గాని మూటిని ఒక్కటిగా చూడరాదు. దేహధర్మములోను భేదములున్నవి. పాలలోని చక్కెరను అరిగించుకొనలేని బిడ్డకు కడుపునొప్పి వచ్చును. అట్టివారిలో పలువురు పెరుగన్నము సుఖముగా తినగలరు. పాల మాంసకృత్తులనే దేహము శత్రువుగా ఎంచు బిడ్డకు పెరుగును పనికిరాదు, మజ్జిగయు పనికిరాదు. గోధుమ పడని సీలియాక్ వ్యాధిగల బిడ్డకు మన వరియన్నము వరమే. కాని సాంబారులో వేసిన కూట ఇంగువలో గోధుమపిండి కలిసియుండుట కద్దు. ఇన్సులిన్ తీసికొను బిడ్డకు ఏమి తినెనన్నదే కాక, ఎప్పుడు తినెనన్నదియు ముఖ్యమే. ఆ బిడ్డ రక్తములో చక్కెర పడిపోయినపుడు, పాఠము నడుచుచున్నను, వెంటనే తీపి ఇయ్యవలెను.

మా తమ్ముని మనుమరాలికి వేరుశనగ పడదు. నాలుగేండ్ల వయసున చిక్కీ ముక్క తినిన కొద్ది నిమిషములకే పెదవులు వాచి, ఒడలెల్ల దద్దురులు లేచి, ఊపిరి ఆడుట కష్టమాయెను. అట్టి స్థితిలో ఆలస్యము చేయక తొడకు ఎడ్రినలిన్ సూది వేయవలెననియు, తక్కిన మందులన్నియు దాని తరువాతనే యనియు వైద్యులు మాకు విడమరచి చెప్పిరి. ఆ బిడ్డను చేర్చిన మొదటి బడిలో, పేరు చెప్పనక్కరలేదు, జాగ్రత్త పేరిట ఆమెను వరండాలో ఒంటిగా కూర్చుండబెట్టి క్యారియరు అన్నము తినుమనిరి. ప్రాణమునకు భయము తొలగినది గాని, బిడ్డ కొన్నాళ్ళకు అన్నమే మానివేసినది. తాను ఏ తప్పు చేసినందుకు పంక్తినుండి లేపిరో ఆమెకు బోధపడలేదు.

రెండవ బడిలో సంగతి వేరు. తల్లి నేరుగా వంటయింటికి పోయి, “అక్కా, మా పాపకు చెనక్కాయలు పడవు. పులిహోర దినాన తాలింపు కలపకముందే రవంత అన్నం తీసిపెడతారా?” అని అడిగినది. ఆ వంటావిడ, “అదేమంత పనమ్మా? గరిటె కూడా వేరేగా పెడతాను. పాప పేరు చెప్పు” అన్నది. రెండు మాటలలో కార్యము ముగిసినది. అది మొదలు ఆ బిడ్డ తోటివారి నడుమనే కూర్చుండి తినుచున్నది. వేరు గరిటె, ముందుగా తీసిన అన్నము, గానుగ వేరుశనగనూనె వాడని తాలింపు, తిన్న చేతులు సబ్బుతో కడుగుకొనుట: ఖర్చు చూచినచో స్వల్పము, శ్రద్ధ చూచినచో కొండంత.

ఆ తల్లి అదృష్టమేమనగా ఆ వంటావిడ తెలుగు తెలిసిన మనిషి. అందరికిని ఆ వసతి ఉండదు. చెనక్కాయ, వేరుశనగ, పల్లీ, బుడ్డలు అని మనలో మనకే ఇన్ని పేర్లు. తమిళమున అది వేర్కడలై లేక నిలక్కడలై. వాడుకలో వట్టి కడలై అన్నచో, వినువారు కొండైక్కడలై అనగా శనగలనియు అనుకొనవచ్చును. కన్నడమున కడలె అన్నచో శనగ, కడలెకాయి అన్నచో వేరుశనగ. చివరి ‘కాయి’ మాత్రమే తేడా. మరాఠీలో శేంగదాణా, ఒడియాలో చినాబాదాం. వేరుశనగ పడని బిడ్డకు శనగలు పడరాదని నియమము లేదు. కాబట్టి పేరు తప్పినచో, తినదగినది మానిపించి, తినరానిది పెట్టు ప్రమాదమున్నది. ఇంట తెలుగు, బడిలో వేరు భాషగా పెరుగు మన పిల్లలకు ఈ ప్రమాదము మరింత దగ్గర. ఆరేండ్ల బిడ్డ తన పథ్యమును తానే అనువదించుకొనవలెననుట న్యాయము కాదు.

అంగడి పొట్లములపై పాలు, గుడ్డు, గోధుమ, సోయా, వేరుశనగ మున్నగు వాని ఉనికిని తెలుపవలెనని 2020 నాటి కేంద్ర ఆహార నిబంధనలు విధించినవి. బడిలో వండిన కూరకు అట్టి చీటీ లేదు. వండినవారి నోటిమాటయే చీటీ. అందుచేత ఆ నోటికి అర్థమగు భాషలో చెప్పుట మన బాధ్యత.

బడిలో మన భాషకు కొంత చోటు కావలెనని మనము ఎన్నో ఏండ్లుగా అడుగుచున్నాము. తరగతిలో తెలుగు పిల్లలు పదిమందియే ఉన్నను వారికొక పంతులుండవలెనని అర్జీలు పెట్టుకొన్నాము. తక్కువమంది యన్న కారణమున వారిని విడువరాదన్నదే మన వాదము. ఆ వాదము నిజమైనచో, మూడువందల మంది తిను శాలలో ఒక్క బిడ్డకు పడని పదార్థమును గురించి పట్టించుకొనుమని అడుగుటకు మనము ముందుండవలెను. ఆ బిడ్డ మన యింటిది కాకపోయినను అడుగవలెను.

సంఘములు చేయదగిన పని ఒకటి మాకు తోచుచున్నది. అరచేతి యంత అట్టముక్కపై బిడ్డ పేరు, పడని పదార్థము, అది చేరు వంటకములు, ఆపద గుర్తులు, వెంటనే చేయవలసినది, తల్లిదండ్రుల టెలిఫోను సంఖ్య: ఇవి తెలుగులోను, ఆ రాష్ట్ర భాషలోను ఎదురెదురుగా అచ్చు వేయింపవచ్చును. తమిళ, కన్నడ, ఒడియా, మరాఠీ భాషలు మనకు పరాయివి కావు. ప్రతి ఊరిలోను రెండు లిపులు వ్రాయగల పెద్దలు మనలో ఉన్నారు. వైద్యునిచేత ఒకసారి సరిచూపించి, ఒక ప్రతి ఉపాధ్యాయునికి, ఒకటి వంటశాల గోడకు, ఒకటి బిడ్డ సంచికి ఇచ్చినచో చాలును. వచ్చు జూన్‌లో బడులు తెరచుటకు ముందే ఈ పని పూర్తికావలెనని మా కోరిక. మా ఊరి తమిళ, తెలుగు ప్రతిని మేము వ్రాయ మొదలుపెట్టితిమి.