ఫతేమైదానుకు కూతవేటులో

హైదరాబాదు చూడబోయినవాళ్లు చార్మినారు చూస్తారు, గోలకొండ ఎక్కుతారు, సాలార్‌జంగు మ్యూజియంలో గడియారం గంట కొట్టేదాకా నిలబడతారు. నాంపల్లి స్టేషనులో దిగినా నాంపల్లిని చూసేవాళ్లు మాత్రం తక్కువ. ఆబిడ్స్‌కు చీరలకో చెప్పులకో వెళ్లి, చేతిసంచి బరువెక్కగానే వెనక్కి తిరుగుతారు. ఆ రెంటికీ మధ్య ఒక సందులో పుట్టి పెరిగినదాన్ని గనుక నాకది కొంచెం కష్టంగానే వుంటుంది.

ఆబిడ్స్ అన్నది నిజానికి ఒక మనిషి పేరు. ఆరవ నిజాం మహబూబ్ అలీఖాన్ కొలువులో వుండిన ఆల్బర్ట్ ఆబిడ్ అక్కడ ఒక దుకాణం పెట్టాడు. దుకాణం పోయింది, పేరు నిలిచింది. నాంపల్లి స్టేషను 1907 నాటిది. అక్కడినుంచి తాపీగా నడుస్తూ వస్తే తోపుఖానా అవతల ఎత్తయిన దీపస్తంభాలు కనిపిస్తాయి. అదే ఫతేమైదాను. 1687లో గోలకొండను పట్టిన ఔరంగజేబు సేనలు అక్కడ విడిది చేశాయనీ, అందుకే అది విజయమైదానం అయిందనీ చెబుతారు. 1967 నుంచి దాని పేరు లాల్ బహదూర్ స్టేడియం. మా నాన్నగారి నోట మాత్రం ఈనాటికీ ఆ పేరు పలకదు.

2023 జూలై మొదట్లో నేను పుట్టింటికి వెళ్లాను. ఆషాఢంలో కొత్తకోడళ్లు పుట్టింటికి వెళ్లడం రివాజు. నలభై దాటిన అధ్యాపకురాలు వెళితే రాజమండ్రిలో మా సహోద్యోగులు నవ్వకుండా వుంటారా? నవ్వనీ అనుకుని మా అమ్మాయిని వెంటబెట్టుకుని గోదావరి ఎక్స్‌ప్రెస్సు ఎక్కాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఒక కారణం. నాన్నగారికి ఎనభై నిండడం రెండవది.

ఇంట్లో అడుగుపెట్టగానే చిన్న యుద్ధవాతావరణం కనిపించింది. మా మేనల్లుడు ఇంటరులో చేరాడు. ఇంజనీరింగు కోచింగు పొద్దున్న ఆరుకు మొదలై చీకటి పడ్డాక ముగుస్తుంది. వాడు బడి జట్టులో గోల్‌కీపరు. వదిన వాడి బూట్లు, చేతి తొడుగులు మూటగట్టి అటక మీద పెట్టించింది. వాడు తల్లితో మాట్లాడడం మానేశాడు. అన్నయ్య ఎటూ చెప్పలేక పేపరు చదువుతూ కూర్చుంటున్నాడు.

వ్యాసపూర్ణిమ మరునాడు, జూలై 4, మంగళవారం. బెంగుళూరు కంఠీరవ స్టేడియంలో దక్షిణాసియా ఫుట్‌బాల్ పోటీల ఫైనలు. మనకు ప్రత్యర్థి కువైట్. ఆ దేశం దక్షిణాసియాలో లేకపోయినా ఆ యేడు అతిథిగా పిలిచారు. వారం క్రితం ఇవే జట్లు 1-1తో సమానంగా నిలిచాయి. రాత్రి ఏడున్నరకు ఆట. కోచింగునుంచి వచ్చిన పిల్లవాడు పుస్తకం తెరిచి కూర్చున్నాడు గాని, వాడి చెవులు రెండూ హాల్లోనే వున్నాయి.

"ఒక్కరోజుకు రానీయమ్మా," అన్నారు నాన్నగారు.

"ఆట కూడు పెడుతుందా మామయ్యగారూ?" అన్నది వదిన.

"పెట్టిందమ్మా. మన ఊళ్లోనే పెట్టింది."

నాన్నగారు ఆబిడ్స్ పెద్ద తపాలాఫీసులో గుమాస్తాగా పనిచేసి రిటైరయ్యారు. తక్కువగా మాట్లాడే మనిషి. ఆ రాత్రి మాత్రం ఆట మొదలయ్యేలోగా పాత ఉత్తరాల కట్ట విప్పినట్టు విప్పారు. ఏడెనిమిదేళ్ల వయసులో తండ్రి భుజాలమీద కూర్చుని ఫతేమైదానులో ఆటలు చూశారట. అప్పటి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా 5 ఏళ్లు బొంబాయి రోవర్స్ కప్పు గెలుచుకున్నది. ఆ జట్టును తీర్చినవారు సయ్యద్ అబ్దుల్ రహీం. 1909లో హైదరాబాదులో పుట్టినవారు, వృత్తికి బడిపంతులు. ఎడమకాలు బలహీనమైన వాళ్లు ఎడమకాలితోనే తన్నాలని పోటీ పెట్టేవారట. బంతిని కాళ్లమధ్య ఆడిస్తూ పోకుండా వెంటనే పక్కవాడికి అందించాలని ఇంకొక పోటీ.

ఆ పంతులుగారే 1950 నుంచి భారత జట్టుకు గురువు. 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం. 1956లో మెల్‌బోర్న్ ఒలింపిక్సులో నాలుగవ స్థానం. ఆ జట్టులో సికింద్రాబాదు వైపు తులసీదాస్ బలరాం, మన నూర్ మహమ్మద్, అజీజుద్దీన్, జుల్ఫికరుద్దీన్, హైదరాబాదులో పుట్టిన గోల్‌కీపరు పీటర్ తంగరాజ్ వున్నారు. 1962లో జకార్తాలో దక్షిణకొరియాను 2-1తో ఓడించి మళ్లీ స్వర్ణం. అప్పటికే రహీంగారిని ఊపిరితిత్తుల కాన్సరు తినేస్తున్నది. మరుసటి జూన్‌లో కన్నుమూశారు.

"ఆ రోజుల్లో కాలిలో ఆట వుంటే పోలీసులో ఉద్యోగం," అన్నారు నాన్నగారు. "నెల తిరిగేసరికి జీతం. అందుకే తల్లులు పిల్లల్ని మైదానానికి పంపించేవారు."

"ఇప్పుడో?" అన్నది వదిన.

నాన్నగారు జవాబు చెప్పలేదు. వదిన ప్రశ్నలో తప్పులేదు. హబీబ్, నయీముద్దీన్ వంటి వాళ్లు 1966లోనే కలకత్తా క్లబ్బులకు వెళ్లిపోయారు. ఆటగాడు అన్నం దొరికేచోటికి పోతాడు. మైదానం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఊరు దానిమీద క్రికెట్టు, సభలు పెట్టుకున్నది.

ఆట మొదలయింది. 14వ నిమిషంలోనే కువైట్ గోలు కొట్టింది. అమ్మ "అయ్యో" అని దేవుడి గదిలోకి వెళ్లిపోయింది. 38వ నిమిషంలో సహల్ అందించిన బంతిని మిజోరం కుర్రాడు ఛాంగ్తే వలలోకి తోశాడు. ఇల్లంతా ఒక్క కేక. ఆ కేకకు పక్కగదిలో పుస్తకం మూతపడింది. పిల్లవాడు వచ్చి తాతగారి కాళ్లదగ్గర కూర్చుంటే ఎవరూ ఏమీ అనలేదు.

ఆ తరువాత గోలు లేదు. తొంభై నిమిషాలూ అయిపోయాయి, అదనంగా ఇచ్చిన అరగంటా అయిపోయింది. అన్నం వడ్డించిన కంచాలు అలాగే వున్నాయి. "బంతిని ముద్దులాడకురా, ఇచ్చెయ్!" అని నాన్నగారు టీవీని కోప్పడుతున్నారు. అది రహీంగారి పాఠమేనని అప్పటికి మాకు అర్థమయింది. కెప్టెన్ సునీల్ ఛెత్రి కనిపించినప్పుడల్లా, "వీడు పుట్టింది సికింద్రాబాదులోనే!" అని గుర్తుచేస్తున్నారు. జట్టులో హైదరాబాదు మైదానాల్లో ఆట నేర్చిన పిల్లవాడు ఒక్కడూ లేడు. కనీసం పుట్టుకైనా మనదని ఆయన పట్టుకున్నారు కాబోలు.

ఇక పెనాల్టీలు. వదిన గరిటె పట్టుకుని గుమ్మంలో నిలబడిపోయింది. ఛెత్రి కొట్టాడు. కువైట్ మొదటి బంతి అడ్డకర్రకు తగిలింది. తరువాత మన ఉదాంత కొట్టినది వృథా అయింది. అయిదేసి బంతులు ముగిసేసరికి 4-4.

"ఇప్పుడేమవుతుందిరా?" అన్నది వదిన. వారంరోజుల తరువాత తల్లి కొడుకును అడిగిన మొదటి మాట అది.

"ఇకనుంచి ఒక్కొక్కటేనమ్మా. ఒకరు వేసి ఇంకొకరు పోగొడితే అయిపోయినట్టే. పన్నెండు గజాల దూరం. తన్నేదాకా గోల్‌కీపరు ఒక కాలయినా గీతమీద వుంచాలి. బంతిని చూస్తూ కూర్చుంటే అందదు. తన్నేవాడు రెండో కాలు ఎటు మోపుతాడో, నడుము ఎటు తిప్పుతాడో చూడాలి. చూస్తూనే దూకాలి."

వదిన టీవీ చూడడం మాని వాడినే చూస్తున్నది. మణిపూరు మహేష్ వేశాడు. కువైట్ తరఫున హాజియా వచ్చాడు. గురుప్రీత్ తన ఎడమవైపు దూకి ఆ బంతిని ఆపేశాడు. 5-4. అమ్మ దేవుడి గదిలోంచి "ఏమయింది, ఏమయింది?" అని అడుగుతున్నది. చెప్పేవాళ్లు లేరు. అన్నయ్య, మా అమ్మాయి, పిల్లవాడు ఒకరినొకరు పట్టుకుని గెంతుతున్నారు. బెంగుళూరులో జనమంతా ఒక్క గొంతుతో వందేమాతరం పాడుతున్నారు. నాన్నగారు కళ్లద్దాలు తీసి తుడుచుకుంటున్నారు.

భోజనాల దగ్గర వదిన పెరుగు వడ్డిస్తూ, ఎవరినీ చూడకుండా, "ఆదివారం పొద్దున్న రెండు గంటలు. మార్కులు తగ్గితే అదీ లేదు," అన్నది. పిల్లవాడు కంచంలోంచి తలెత్తలేదు. ఎత్తితే మాట మారుతుందేమోనని భయం.

ఆగస్టు 15న మహమ్మద్ హబీబ్ హైదరాబాదులో చనిపోయారు. అదే యేడు ఫిబ్రవరిలో బలరాం పోయారు. మరునాడు మేనల్లుడు ఫోను చేశాడు. "అత్తా, హబీబ్ సాబ్ పోయారు. 1970లో బాంకాక్‌లో మనకు కాంస్యం తెచ్చిన జట్టులో ఆడారు. పీలే కలకత్తా వచ్చినప్పుడు ఆయన జట్టుమీద గోలు కొట్టారు," అని చెప్పుకుపోయాడు. నెలన్నర క్రితం వాడికి ఆ పేరు తెలియదు.

"తాతయ్య ఎలా వున్నారు?"

"మాట్లాడ్డం లేదు. ఆదివారం నాతో గ్రౌండుకు వస్తారట. నువ్వొస్తే నువ్వూ రావచ్చు."

గోల్‌కీపర్లకు చదువుల్లో ఏ మార్కులు వస్తాయో నాకు తెలియదు. ఒక పంతులుగారు ఒక ఊరికి ఆట నేర్పి, ఆ ఊరు దేశానికి నేర్పిన చోటు మాత్రం మా ఇంటికి కూతవేటు దూరంలోనే వున్నది. నాంపల్లిలో దిగిన పాఠకులు ఆటో పిలిచేముందు ఒక్కసారి అటు నడిచి చూడండి.